దేనారమంటె ఎంత?



మొన్న భువనగిరి కూటములో మేము మత్తయి 20లోని ద్రాక్షతోట కూలివారిని గూర్చి చెప్పుచుండగా, నాట్లు వేసి నేరుగా వచ్చిన ఒక అవ్వ "దేనారమంటె ఎంతయితది అయ్యగారూ?" అని అడిగినది. దినపు కూలి అని చెప్పి ముందుకు సాగితిమి. ఆ జవాబు మాకే చాలలేదు.

దేనారము రోమీయుల వెండి నాణెము. నాలుగు గ్రాములకు కొంచెము తక్కువ. దానిని చూచుటకు రోమాకు పోనక్కరలేదు. మన నల్లగొండ సీమలోని అక్కెనపల్లిలోనే 1,531 దేనారములు ఒక్కచోట దొరికినవి. వాటిలో ఔగుస్తువి, తిబెరివి ఉన్నవి. లూకా 2, 3 అధ్యాయములలోని కైసరులు వీరే! పన్ను విషయమై ప్రభువు అడిగి చూచిన నాణెము తిబెరిదే అయియుండునని పండితులు చాలామంది తలంచుదురు. ఒకవైపు కైసరు తల, రెండవవైపు కూర్చున్న స్త్రీ.

ఆ కాలమున మచిలీపట్నపు తీరమున నేసిన సన్నని నూలుబట్టలను గూర్చి ఒక గ్రీకు వర్తకుడు వ్రాసియున్నాడు. అట్టి సరకులకే ఈ వెండి వచ్చినది. తెలుగునాట దొరికిన రోమా నాణెములు కొన్నింటిపై కైసరు ముఖము మీదనే ఉలిగాటు ఉన్నది. వెండి మంచిదో కాదో చూచిరని కొందరందురు. ఇక్కడివారికి కావలసినది వెండి, కైసరు కాదు!

మీ చెలకలో ఇట్టివి దొరికినయెడల కరిగించకుడి. 1878 నాటి చట్టము ప్రకారము కలెక్టరుగారికి తెలుపవలెను.

మరుసటి వారము అవ్వకు లెక్క చెప్పితిమి: సబ్బాతులు తీసివేస్తే 1,531 దేనారములు ఒక మనిషికి దాదాపు అయిదేండ్ల కూలి. అవ్వ కొంతసేపు ఊరకుండి, "గంత కూలి ఎవల్దో అయ్యగారూ, ఇయ్యకుండ పాతిపెట్టిండ్రా?" అన్నది.