పుట్టిలో పెరిగే పిల్లకు ఊరేది?

మా బడి హాజరు పట్టీలో ఒక ఐదో తరగతి పిల్ల పేరుంది. సంక్రాంతి పోయినంక బడికి రాలేదు. నెల చూసి, పేరు ఎదురుగా 'దీర్ఘకాల గైర్హాజరు' అని నా చేత్తోనే రాసిన. ఒక ఆదివారం సోమశిల దిక్కు పోతే కృష్ణలో పుట్టిమీద కనిపించింది. తండ్రి వల గుంజుతున్నడు, తల్లి తెడ్డు వేస్తున్నది. ఈ పిల్ల ఒక చేత్తో తమ్ముణ్ణి పట్టుకొని, ఇంకో చేత్తో పుట్టిలో చేరిన నీళ్లు డబ్బాతో తోడిపోస్తున్నది. "వానలు పడినంక వస్త సార్" అన్నది. గైర్హాజరైంది ఆ పిల్లా, మనమా?

ఇట్లాంటి కుటుంబాలకు పుట్టే ఇల్లు. పొద్దుగూకితే ఒడ్డున మూడు రాళ్ల పొయ్యి, టార్పాలిన్ కింద పడక. తెల్లారకముందే వల తీయాలె. చేప ఎవరికి అమ్మాలె? అడ్వాన్సు ఇచ్చిన సేటుకే. ధర ఆయనదే, కాంటా ఆయనదే. అప్పు మాత్రం మనోళ్లది. ఇదే నీళ్లమీద చెంచు కుటుంబాలూ ఇదే ఉచ్చులో చిక్కుకున్నయి. వెట్టి 1976 చట్టంతోనే రద్దయిందని పుస్తకాల్లో మేం పిల్లలకు చెప్తం!

ఆ పిల్ల తాత ఒడ్డున కూర్చొని వల కుట్టుకుంట ఒక మాటన్నడు: "మా మాదిగవాడ ఈ నీళ్ల కిందనే ఉంది సార్. మేం మా ఊరిమీదనే పుట్టి తిప్పుతున్నం." 1981లో శ్రీశైలం రిజర్వాయర్ కోసం ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించిండ్రు. లక్షమందికి పైగా నిర్వాసితులైండ్రు. పట్టా ఉన్నోనికే పరిహారం సరిగా అందలేదు, పట్టాలేని కూలోన్ని ఎవరడిగిండ్రు? ఇంటికో ఉద్యోగమని 1986లో 98వ నంబరు జీవో ఇచ్చిండ్రు. ఆ కాగితం పట్టుకొని తిరిగి తిరిగి ముసలోళ్లయినోళ్లు ఎందరో!

నదిమీద మనకు హక్కు లేదంటారా? 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసువాడు డొమింగో పేస్, బయట తోలు కప్పిన గుండ్రటి పుట్టులమీద జనం నది దాటడం రాసిపెట్టిండు. బుట్ట అల్లింది మేదరి చెయ్యి, తోలు ఊనింది మాదిగ చెయ్యి. ఆ చేతుల పేర్లు మాత్రం ఏ చరిత్రలోనూ లేవు.

నీళ్లమీద బతికేటోళ్ల ప్రాణానికి విలువెంత? 2007లో శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో పడవ మునిగి 61 మంది చనిపోయిండ్రు. సోమశిల–సిద్ధేశ్వరం వంతెనను కేంద్రం ప్రకటించింది 2022లో. నడుమ 15 ఏండ్లు! గద్వాల దగ్గర చుట్టూ కృష్ణ పారే గుర్రంగడ్డలో గర్భిణికి నొప్పులొచ్చినా, పిల్లగాడు బడికి పోవాలన్నా ఏండ్ల తరబడి పడవే దిక్కయింది. ఇదే కృష్ణలో సోమశిల నుంచి శ్రీశైలానికి టూరిజం లాంచీ నడిపిండ్రు. కుటుంబాలతో వచ్చి నల్లమల అందాలు చూసి పొమ్మన్నరు. సంతోషమే. లాంచీలో కుటుంబానికి లైఫ్ జాకెట్ ఉంటది, పుట్టిలో కుటుంబానికి ఎందుకుండదు?

మనం అడిగేది దయ కాదు. నీళ్లమీద బతికే ప్రతి కుటుంబాన్నీ లెక్క రాయండి. చేపల లైసెన్సులో తెడ్డేసే ఆడమనిషి పేరు చేర్చండి. అడ్వాన్సు పేరుతో సాగే వెట్టిని తేల్చి, ఆ అప్పులు రద్దు చేయండి. లైఫ్ జాకెట్లు ఇవ్వండి. వలస పిల్లల కోసం ఒడ్డు ఊళ్లలో సీజనల్ హాస్టళ్లు పెట్టండి. 6 నుంచి 14 ఏండ్ల పిల్లల చదువు సర్కారు బాధ్యతని 2009 చట్టమే చెప్పింది.

1927 మార్చి 20న బాబాసాహెబ్ మహాద్ చవదార్ చెరువుకు జనంతో నడిచింది దూప తీర్చుకునేందుకే కాదు, మనుషులమని చాటేందుకు. కృష్ణ ఒడ్డున మన పని కూడా అదే. నేను పట్టీలో రాసిన ఆ మాట కొట్టేసిన. ఇప్పుడు ఆ పిల్లను బడికి తేవాలె. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మిత్రులారా! మీ రేవుకు పోండి, పుట్టుల్లో ఎందరు పిల్లలున్నరో లెక్కపెట్టండి. ఆ లెక్కతోనే కలెక్టరాఫీసుకు పోదాం.

జై భీమ్!