సిగ్నల్ దగ్గర ఆగని ఇంజిన్

రెండు నెలలుగా అమీర్‌పేట సిగ్నల్లో మా కారు ఆగినా ఇంజిన్ ఆగట్లేదు. ఆటో స్టార్ట్-స్టాప్ మొరాయించిందన్నమాట. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, ముందు సెన్సర్లనే అనుమానించా. సీటు బెల్టు, బానెట్, ఏసీ... అన్నీ చూశా. తేడా లేదు.

‘బ్యాటరీ ఎప్పుడు మార్చావురా?’ అన్నారు నాన్న. దొంగ దొరికాడు! డబ్బు మిగులుతుందని మామూలు బ్యాటరీ వేయించింది నేనే. మాటిమాటికీ స్టార్ట్ చేస్తే తట్టుకోవాలంటే ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకం ఉండాలి. ఛార్జి చాలకపోతే, మళ్లీ స్టార్ట్ కాదేమోనని కారే ఇంజిన్ని ఆపదు. పాపం, నేను తిట్టుకుంటున్నా అది నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టకుండా కాపాడుతోంది.

మీదీ ఇంతే అయితే ముందు బ్యాటరీ చెక్ చేయించండి. కొత్తది వేశాక కొన్ని మోడళ్లలో ఆ సంగతి కారు కంప్యూటర్లో నమోదు చేయించాలి కూడా. నాన్నకి మాత్రం రెండో బ్యాటరీ రేటు ఇంకా చెప్పలేదు.