బండి కొంటున్నామా, కథ కొంటున్నామా?

మొన్న ఆదివారం చిత్తూరు పోయి ఒక ఆర్‌ఎక్స్ 100 చూసొచ్చా. మా నాయన పెళ్లయిన కొత్తలో నడిపిన బండి అదే. అక్క కాలేజీ ఫీజు కోసం అమ్మేశాడు. అప్పట్నించి అలాంటిదొకటి కొని ఆయన ముందు పెట్టాలని నాకో పిచ్చి.

నల్ల ట్యాంకు, తళతళలాడే సైలెన్సర్, ఒక్క కిక్కుకే స్టార్టు. ఆ సౌండుకే పడిపోయా. "95 మోడల్ అన్నా, ఒకే ఓనర్. ఒక్క నట్టు కూడా మార్చలేదు" అన్నాడు అమ్మే అతను. రేటు లక్షా పదివేలు. అడ్వాన్స్ కొట్టడానికి ఫోన్ తీశా.

"ఆగు అల్లుడా" అన్నాడు వెంట వచ్చిన మెకానిక్ మామ. హ్యాండిల్ కింద ఛాసిస్ నంబర్ మీద తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాడు. అంకెలు తేలాయి. చివరి రెండూ మాత్రం మిగతావాటికన్నా లోతుగా, కాస్త వంకరగా ఉన్నాయి. ఆర్‌సీలో నంబరూ అదే! "కాయితం అసలుదే. బండే ఎవురిదో" అన్నాడు మామ.

తిరుపతి బస్సెక్కి ఫోన్‌లో వెతికితే, ఇంతకన్నా పెద్ద కథ దొరికింది. 1963 నవంబర్ 22న డల్లాస్‌లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీని కాల్చి చంపారు. ఆ రాత్రి ఆయన శవపేటికను ఆండ్రూస్ విమాన స్థావరం నుంచి బెథెస్డా నేవీ ఆస్పత్రికి ఒక పాంటియాక్ అంబులెన్స్‌లో తీసుకెళ్లారు. ఆ బండి ఇదేనంటూ 2011 జనవరిలో ఆరిజోనాలో బారెట్-జాక్సన్ సంస్థ ఒకదాన్ని వేలానికి పెట్టింది. పాటకు ముందే గొడవ మొదలైంది. అసలు అంబులెన్స్‌ను 1986లోనే నుజ్జు చేసేశారని, అందుకు ఫొటోలు కూడా ఉన్నాయని తెలిసినవాళ్లు మొత్తుకున్నారు. అయినా పాట ఆగలేదు. 1,20,000 డాలర్లు పలికింది!

ఆలోచించండి. కెన్నెడీ పేరు తీసేస్తే అదొక పాత అంబులెన్స్. మిగతా డబ్బంతా కథకు పెట్టిందే. నేను కూడా మా నాయన కథకే లక్షా పదివేలు పెట్టబోయా.

మనదేశంలో ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది. ముప్పై ఏళ్ల బండికి ఒక్క నట్టూ మారలేదంటే, అక్కడే అనుమానం రావాలి. యాప్‌లో ఆర్‌సీ చూసుకుంటే సరిపోదు. అది కాగితం సంగతే చెబుతుంది, ఇనుము సంగతి చెప్పదు. ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ రెండూ కళ్లతో చూడండి, వేలితో తడమండి. నంబర్ దిద్దిన బండి దొంగబండి అయితే, ఒకరోజు అది స్టేషన్‌లో ఉంటుంది, మన డబ్బు గాల్లో ఉంటుంది.

ఇంటికొచ్చి చెప్తే నాయన తిట్టలేదు. "పెన్సిల్ ఎవురు తీసకపోయింది?" అని మాత్రం అడిగాడు. మామ అన్నా.

"ఈసారి నువ్వు తీసకపో" అన్నాడు.