పడుగులో తెగిన పోగు

ఎమ్మిగనూరు మగ్గం మీద పడుగుపోగు తెగితే నేతగాడు ఆగి, వేలికొసలతో ముడివేసి మళ్ళీ నాడె విసురుతాడు. కాపర్ జర్మనేట్ స్ఫటికంలో ఆ ముడివేసేవారు లేరు. రాగి అయాన్లు అక్కడ గొలుసుల్లా బారులు తీరి ఉంటాయి. 14 కెల్విన్ల దిగువన వాటి స్పిన్‌లు, అంటే బుల్లి అయస్కాంతాల్లాంటివి, జతకట్టి అయస్కాంతత్వాన్ని దాచేసుకుంటాయి. నూటికి రెండు మూడు పాళ్ళు జింకు కలిపితే? దానికి స్పిన్ లేదు, గొలుసు తెగుతుంది. జోడీ పోయిన స్పిన్‌లు మరికాస్త చలిలో, ఒకటి పైకి ఒకటి కిందికి, వరుసకడతాయి! మలినమే క్రమాన్ని తెచ్చింది. 1993లో జపాన్ శాస్త్రవేత్తలు ఈ జింకు ప్రభావాన్ని గమనించారు. మాకైతే ఇప్పటికీ వింతే.

అమరావతి క్వాంటం వ్యాలీ కబుర్లు మంత్రాలయం, ఆదోని దాకా వినబడుతున్న రోజులివి. క్వాంటం కంప్యూటర్ మాట తర్వాత, ముందు ఈ క్వాంటం స్పిన్‌ల సంగతి చూద్దామనుకున్నాం. పేజీ తిప్పండి.