అండోత్సర్గము

జీవశాస్త్ర పుస్తకములలో తెలుగు విద్యార్థికి నోరు తిరుగని మాటలలో అండోత్సర్గము ఒకటి. దానిని కంఠస్థము చేయుదురు, పరీక్షలో వ్రాయుదురు, మరచిపోవుదురు. ఆ పుట వచ్చినప్పుడు “ఇంటివద్ద చదువుకొనుడు” అని ముందుకు సాగిపోవు ఉపాధ్యాయులును కలరు. మాటను విప్పి చూపినచో ఈ బెరుకు చాలవరకు తీరునని మా నమ్మకము.

అండమనగా గుడ్డు. ఉత్సర్గములోని ధాతువు ‘సృజ్’. విడుచుట, వెలువరించుట, పుట్టించుట అను అర్థములు దానికి కలవు. సృష్టి ఆ ధాతువునుండియే పుట్టినది. రామాయణ కాండములలోని సర్గయు, అక్షరము ప్రక్కన రెండు చుక్కలుగా నిలుచు విసర్గయు ఆ కుటుంబములోనివే. జీవశాస్త్రములో మరియొక పాఠమునకు పేరైన విసర్జనయు అంతే. చిక్కు ఇక్కడనే వచ్చినది. విసర్జన అనగా మలినమును వెడలగొట్టుట అని నేర్చిన బాలుడు ఉత్సర్గమును కూడ ఆ కోవలో చేర్చుకొనును. ఆ అర్థము ఉత్సర్గమునకు లేకపోలేదు. కాని పెద్దలు దానిని ఘనమైన పనులకును వాడిరి. పితృకర్మలో కోడెకు అచ్చువేసి స్వేచ్ఛగా విడుచుట వృషోత్సర్గము. మన పల్లెల ఆబోతు అట్లు విడువబడినదే. చెరువు త్రవ్వించి జనులకు ధారపోయుట తటాకోత్సర్గము. తనదైనదానిని తన చేతినుండి విడుచుట ఈ ప్రయోగములలోని భావము. తనలో పక్వమైన అండమును అండాశయము విడుచుటకు ఇంతకంటె తగిన మాట దొరకుట కష్టము.

ఇంగ్లీషువారి ఓవులేషనుకు మూలము లాటిను. ఓవం గుడ్డు, ఓవులం చిన్నగుడ్డు. ఆ మాటలో గుడ్డు ఉన్నది కాని విడుదల లేదు. చిన్నగుడ్డు అనుట మాత్రము సార్థకమే: మానవ అండము మిల్లీమీటరులో సుమారు పదియవ వంతు. క్షీరదముల అండమును 1827లో కార్ల్ ఎర్నెస్ట్ వాన్ బేర్ కుక్కలో కనుగొనువరకు అది పండితుల కంటికి చిక్కలేదు.

తాడేపల్లి ప్రాంతమున గేదెను పెంచు ఇంట ఈ విద్య పాఠముగా కాక పనిగా తెలియును. “గేదె ఎదకు వచ్చినది” అందురు. ఉదయము ఎద కనబడినచో సాయంత్రము, సాయంత్రము కనబడినచో మరునాటి ఉదయము కృత్రిమ గర్భధారణ చేయింపుమని పశువైద్యులు చెప్పుదురు. అండము విడుదలయగునది ఎద లక్షణములు తగ్గిన కొన్ని గంటలకు గదా! అనగా ఎదయు అండోత్సర్గమును ఒకటి కావు. మొదటిది రెండవదాని రాకకు గుర్తు. తండ్రి నోట నిస్సంకోచముగా ఆ మాట వినుచు పెరిగిన బాలికయే, తన శరీరమును గూర్చిన మాట బడిలో వచ్చునప్పటికి తల వంచుకొనును.

ఆమె తెలిసికొనవలసినది మిక్కిలి లేదు. తరువాతి ఋతుస్రావమునకు సుమారు 14 దినములు ముందు అండము విడుదలయగును. అది ఒక దినమునకు మించి బ్రతుకదు. అండము సక్రమముగా విడుదల కాకపోవుట సంతానలేమికి సామాన్య కారణములలో ఒకటి. తరచు మందులకు లొంగునది. ఈ నాలుగు వాక్యములు తెలియని ఇండ్లలో కోడలు ఏండ్ల తరబడి నిందలు మోయుచున్నది.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల చదువులకు పుస్తకములను, పారిభాషిక పదకోశములను సమకూర్చినది. సంస్కృత ధాతువునకు ఉపసర్గ చేర్చి పదము నిర్మించుట ఆనాటి పండితులకు చేయి తిరిగిన మార్గము. “అండము విడుదల” అన్నను మాకు సమ్మతమే. మొదట అట్లు చెప్పి, పిదప పెద్దమాటకు పోవుట మేలు. 2020 నుండి మన రాష్ట్రమున ఒక పుట ఇంగ్లీషు, ఎదుటి పుట తెలుగుగా పాఠ్యపుస్తకములు వచ్చుచున్నవి. రెండు మాటలను ప్రక్కప్రక్కన పెట్టి చూపుట ఇప్పుడు సులభము. జీవశాస్త్రపు మాష్టారికి మొగమాటమైనచో తెలుగు పంతులుగారు తమ తరగతిలోనే ఆ పని చేయవచ్చును. గుణసంధి పాఠమున సూర్య + ఉదయము క్రింద అండ + ఉత్సర్గము అని వ్రాయుటకు నల్లబల్లపై చోటున్నది.