ఆ 'ఒరే'కి ఇంకా ఎన్నేళ్లు?

నెల్లూరు తీరంలో రాత్రంతా రొయ్యల గుంటకి కాపలా కాసిన అరవయ్యేళ్ల యానాది పెద్దాయన్ని, పొద్దున్నే బండి మీద దిగిన ఆసామి కొడుకు 'ఒరేయ్, మేత ఏశావా?' అంటాడు. ఆయన మాత్రం ఆ కుర్రాణ్ణి 'బాబూ, మీరు' అనాలి. ఆయన భార్య ప్రస్తావన వస్తే 'అది'. అడిగితే చనువంటారు, మా యాసే అంత అంటారు. అబద్ధం! యాసే అయితే, అదే నోరు తహసీల్దారు ముందు 'మీరు' అని ఎట్లా పలుకుతోంది?

యానాదుల్ని పుట్టుదొంగలుగా చూసిన నేరస్థ జాతుల చట్టం 1952 కల్లా దేశమంతటా పోయింది. వెట్టిచాకిరీని 1976లో చట్టం నిషేధించింది. యానాదుల కోసం బతుకు ధారపోసిన వెన్నెలకంటి రాఘవయ్య పుట్టింది ఈ జిల్లాలోనే. అయినా వెట్టి మన నాలుక మీద బతికే ఉంది.

ట్రాన్స్ మహిళల దగ్గరా ఇదే పొగరు. 'నేను ఆడమనిషిని' అని చెప్పిన మనిషిని ఎదుటే 'వాడు' అంటారు, వెక్కిరించబుద్ధయితే 'అది' అంటారు. తాను ఆడో మగో మరొకరో తేల్చుకునే హక్కు ఆ మనిషిదేనని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా తీర్పులో చెప్పింది. ఆ హక్కును బస్టాండులో, ఆస్పత్రి చీటీల దగ్గర రోజూ నోటితోనే కాలరాస్తున్నాం.

నోరు తిరగదంటారా? నిన్నటిదాకా 'ఏరా' అని పిలిచిన మేనల్లుడికి పిల్లనిచ్చిన మర్నాడే 'మీరు, రండి, కూర్చోండి' అంటున్నారే! అప్పుడు తిరిగిన నోరు ఇప్పుడెందుకు తిరగదు? పైగా మన భాష ఎంత సాయం చేస్తోందో చూడండి. 'వచ్చారు' అంటే చాలు, ఆడా మగా అన్న పేచీ లేదు, మర్యాదకి లోటూ లేదు. 'ఆమె' అనమంటే 'ఆమె వచ్చారు' అనండి. తెలియకపోతే 'మిమ్మల్ని ఏమని పిలవమంటారు?' అని అడగండి. నోరు జారితే దిద్దుకుని మాట సాగించండి. గంటసేపు క్షమాపణలు చెప్పి, వాళ్లచేతే మిమ్మల్ని ఓదార్పించుకోకండి.

కూడు పెట్టాలిగానీ పిలుపులో ఏముందనే పెద్దమనుషులకి ఒకటే జవాబు. 'ఒరే' అన్న మనిషికే కూలి కోస్తారు. 'అది' అనుకున్న మనిషి మీదికే చెయ్యి లేస్తుంది. మాట ముందు దిగజారుతుంది, దాని వెనకే మిగతావన్నీ.

హాజరు పిలిచే పంతులు, రేషన్ డీలరు, స్టేషన్లో ఫిర్యాదు రాసుకునే కానిస్టేబులు, గుంట యజమాని, అతని కొడుకు, అందరూ రేపటి నుంచే 'మీరు' అనాలి. దీనికి జీవో అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. ఇంత తేలికైనదాన్ని కూడా ఇవ్వనివాళ్లకి మర్యాద తెలియదని ఎవరూ వెనకేసుకు రావద్దు. వాళ్లకి మర్యాద బాగా తెలుసు. అందరికీ పంచడమే ఇష్టం లేదు.