ఇంగ్లీష్ మాటకి మన ఇంటి మాటతోనే ముడి వేద్దాం

పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

"ఇంగ్లీష్ రావాలంటే కోయ మాట్లాడటం మానెయ్యాలా అన్నా?" అని మొన్న ఒక తమ్ముడు అడిగాడు. వెంటనే నాకు మా ఆశ్రమ పాఠశాల గుర్తొచ్చింది.

సారు బోర్డు మీద 'వాటర్' అని రాసి, "అంటే నీళ్లు" అన్నారు. మా ఇంట్లో నీళ్లని ఏర్ అంటాం. నోట్‌బుక్‌లో పక్కనే 'ఏరు' అని రాసుకున్నా. సారు చూసి, "ఏరంటే వాగురా, ఇది కూడా తెలీదా?" అని తప్పు పెట్టారు. క్లాసంతా నవ్వింది. తెలుగులో ఆయన చెప్పింది కరెక్టే. కోయలో నేను రాసింది కూడా కరెక్టే. 'హౌస్' దగ్గరా అదే గొడవ. మనకి లోన్ అంటే ఇల్లు, తెలుగులో లోన అంటే లోపల.

తెలుగు పిల్లాడు ఒక కొత్త మాట నేర్చుకునే టైములో మన పిల్లలు రెండు నేర్చుకోవాలి. పైగా మధ్యలో ఉన్న తెలుగు మాట తప్పుగా అర్థమైతే ఇంగ్లీష్ మాట కూడా తప్పే. అలా వెనకబడితే "వీళ్లకి చదువు అబ్బదు" అంటారు. అబ్బనిది చదువు కాదు, చెప్పే దారి సరిగా లేదు.

ఇది కొత్త ఆలోచనేం కాదు. గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు. 1930లలోనే సవర–ఇంగ్లీష్ నిఘంటువు తయారుచేశారు. మధ్యలో తెలుగు లేకుండా నేరుగా! భాషాపరంగా మైనారిటీలైన పిల్లలకి ప్రాథమిక విద్య మాతృభాషలో అందేలా రాష్ట్రాలు చూడాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం కూడా చెబుతోంది. 1956లోనే చేర్చారు దాన్ని.

"ఎప్పుడూ మన భాషలోనే ఆలోచిస్తే ఇంగ్లీష్ ఎప్పుడొస్తుంది?" అని కొందరంటారు. అందులో నిజం ఉంది. మాట్లాడటం ఇంగ్లీష్‌లో మాట్లాడితేనే వస్తుంది. అన్ని మాటలకీ సరిజోడు కూడా దొరకదు. 'అంకుల్' ఒక్కటే మాట, మనకి మేనమామ వేరు, చిన్నాన్న వేరు. ఒకరి కూతురు వరసైన పిల్ల, ఇంకొకరి కూతురు చెల్లెలు! కానీ ఆ తేడా మన భాషతో పోల్చి చూసినప్పుడే కదా తెలిసేది? ఒకసారి పోల్చి చూసుకున్న మాట ఇక మర్చిపోం.

అందుకే నా మాట ఒక్కటే. నోట్‌బుక్‌లో మూడు గడులు గీయండి: ఇంగ్లీష్, మన భాష, తెలుగు. ఈ వరసలోనే. మన మాట తెలియకపోతే అమ్మనో తాతనో అడగండి. సెలవులకి ఊరెళ్లినప్పుడు చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి రోజుకి ఐదు మాటలు ఇలాగే నేర్పండి. కోయ, గోండి, కువి, సవర, లంబాడీ, ఎవరి భాష వాళ్లది.

నేను 'ఏరు' అని రాసినందుకు నవ్వారు. మన తమ్ముళ్లు రాస్తే ఎవరూ నవ్వకూడదు.

జై ఆదివాసీ!